ఇరవై సమస్యలు కావాలి

మా కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందని తెలిసిన వారం నన్ను ఇన్నోవేషన్ సెల్‌కు కోఆర్డినేటర్‌ని చేశారు. నాకున్న అర్హతల్లా ఒక బైకు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ తిరిగి వాళ్ల సమస్యలు ఇరవై రాయించుకుని రావాలి. వాటిని మా పిల్లలు పరిష్కరిస్తారు. దీన్నే విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ మధ్య వారధి అంటారని డీన్ గారు చెప్పారు. వారధికి పెట్రోలు ఎవరు పోయిస్తారో మాత్రం చెప్పలేదు.

మన దేశంలో సమస్యలకు కరువొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. కానీ ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే జనం మనం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. అలాంటి చోట గల్లా పెట్టె ముందు కూర్చున్న ఓనరును, నీ ఫ్యాక్టరీలో సమస్య ఏమిటో రాసి కింద సంతకం పెట్టమంటే ఎవరు పెడతారు? వడమాలపేట దగ్గర ఒకాయన ఫారం చదివి, దేవుడి పటం వైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు. పాకాలలో ఇంకొకాయన తనకున్న ఒకే ఒక్క సమస్య తన అల్లుడన్నాడు. అది మా పిల్లలవల్ల కాదని చెప్పి వచ్చేశాను.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు మాత్రం నన్ను కూర్చోబెట్టి, గ్లాసు నిండా గుజ్జు ఇప్పించాడు. తర్వాత ఫారం చూసి నవ్వాడు.

"సమస్య ఉండాదని నా చేత్తో నేనే రాసిస్తే, రేపు సరుకు కొనేవోడు సదివి ఏమనుకుంటాడప్పా?"

కావాలంటే లోపల తిరిగి చూసుకోమన్నాడు. లోపల తోతాపురి కాయలకు ముచ్చికలు కోసే బల్ల దగ్గర ఒకామె, నేను అడిగీ అడగకముందే రెండు చేతులూ నా ముందు చాపింది.

"సూడండి సార్. సొన తగిలి తగిలి వేళ్ల మీద గీతలన్నీ పోయినాయి. రేషన్ మిషన్లో ముద్ర పడతా లేదు. రెండు నెలలైంది బియ్యం తెచ్చుకోక."

ఇంట్లో ఆమె, మంచం పట్టిన అత్త తప్ప ఎవరూ లేరట. ఫ్యాక్టరీవాళ్లు గ్లౌజులు ఇచ్చారు గానీ, వేసుకుంటే కత్తి జారుతుందట. నేను తిరిగిన ఇన్ని చోట్లలో, తనకు కష్టముందని నోరు విప్పి చెప్పిన మొదటి మనిషి ఆమె. నాకు సంతోషం ఆగలేదు. ఒక మనిషి వేళ్లు కాలిపోతుంటే సంబరపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా మూడో సంవత్సరం ఆడపిల్లలిద్దరు వారం రోజులు కూర్చుని, కోసిన కాయను బోర్లా పట్టి ఉంచే చెక్క స్టాండు ఒకటి చేశారు. చేతికి అంటకుండా సొనంతా కిందికి కారిపోతుంది. ఆమె దాన్ని నాలుగు రోజులు వాడింది. మంట తగ్గిందనీ, ఇట్లే ఉంటే గీతలు మళ్లీ వచ్చేస్తాయనీ పిల్లలకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఓనరు కూడా మెచ్చుకున్నాడు. ఫారంలో ‘సమస్య’ అన్న మాట కొట్టేసి, ‘మరింత అభివృద్ధి’ అని రాసి సంతకం పెట్టాడు.

ఐదో రోజు కమిటీ వచ్చింది. రెండు రోజుల్లో తెచ్చి ఇచ్చేస్తానని ఆమెకు చెప్పి, స్టాండును బైకుకు కట్టుకుని తెచ్చింది నేనే. ప్రదర్శనలో దానికి మొదటి బహుమతి వచ్చింది. ఓనరుకు శాలువా కప్పారు. స్టాండుకు ఆస్తి నంబరు వేసి, అద్దాల బీరువాలో పెట్టి, తాకరాదని బోర్డు తగిలించారు. తిరిగి ఇమ్మంటే, నంబరు పడ్డాక గేటు దాటకూడదన్నారు. పోనీ ఇంకోటి చేద్దామంటే డీన్ గారు నా వైపు జాలిగా చూశారు. ఒకసారి చేస్తే ఇన్నోవేషన్, రెండోసారి చేస్తే వడ్రంగం అన్నారు. ఆ మాటకు స్టాఫ్ రూములో అందరం తెగ నవ్వుకున్నాం. నా మటుకు నేను ఏ వడ్రంగి దగ్గరికో వెళ్లి ఇంకోటి చేయించి ఉండవచ్చు. చేయించలేదు.

మరుసటి మామిడి సీజనుకు కొత్త ఫారాలు పట్టుకుని మళ్లీ అదే ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టుకుని అదే బల్ల దగ్గర కాయలు కోస్తోంది. నన్ను చూడగానే తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చేతులు తుడుచుకుంటూ, మన చెక్క కాలేజీకి పనికొచ్చిందా సార్ అని అడిగింది. ఫస్ట్ ప్రైజు వచ్చిందని చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. పక్కామెను పిలిచి మరీ ఆ సంగతి చెప్పింది. బియ్యం మాట నేనే అడగాల్సి వచ్చింది. సీజను లేనప్పుడు పడిన ముద్ర మళ్లీ పోయిందనీ, అంగట్లో కొనుక్కుంటున్నాననీ చెప్పి, నా చేతిలోని కాగితాల వైపు చూసింది.

"కాళ్లది ఇంకోటి ఉండాది సార్. దినమంతా నీళ్లలో నిలబడి పుండ్లు పడతాండాయి. అదీ రాసుకోండి, మీకు పనికొస్తాది."

వద్దమ్మా అనాలి. నేను పెన్ను మూత తీశాను.