కుంపటి మీద కీమా రొట్టె

మా అమ్మ వంటల్లో నాకూ మా అక్కకూ ఇప్పటికీ నోరూరించేది కీమా దిబ్బరొట్టె. రుబ్బిన మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, దళసరి ఇనప గిన్నెలో సగం పోసి, దాని మీద పొడిగా వేయించిన మేక కీమా పరిచి, పైన మిగతా పిండి పోసేది. గిన్నె కింద బొగ్గుల కుంపటి, మూత మీద కూడా నిప్పులు. రెండు వైపులా ఎర్రగా కాలిన రొట్టెను కోస్తే లోపల్నుంచి మిరియాల ఘాటుతో ఆవిరి పైకి లేచేది. అమ్మ పోయాక దాన్ని మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

కిందటి వర్షాకాలంలో అక్క కొవ్వూరు నుంచి భీమవరంలో మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. రొయ్యల మేత అమ్మే కంపెనీలో నా ఉద్యోగం. ఆ రోజు సెలవు పెట్టాను. అక్క సంచిలోంచి అమ్మ ఇనప గిన్నె తీసి వంటగట్టు మీద పెట్టింది.

"ఇవాళ చేసేద్దాంరా. పిండి నేను రుబ్బుతాను, నువ్వెళ్ళి కీమా పట్టుకురా."

"గ్యాస్ మీద చేద్దామక్కా."

"మూత మీద నిప్పుల్లేకపోతే అది దిబ్బరొట్టె ఎలా అవుద్దిరా? ఒట్టి అట్టు అవుద్ది."

కింద వాటాలో ఉండే ఇంటివారి ఆవిడ అటక మీంచి పాత కుంపటి దింపి ఇచ్చారు. బొగ్గులు వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర దొరికాయి. బాల్కనీలో నిప్పు రాజేసి, అది ఎర్రబడేసరికి మబ్బు పట్టి జల్లు మొదలైంది. కుంపటిని వంటింట్లోకి లాగాం. జల్లు లోపలికి కొడుతుంటే బాల్కనీ తలుపు మూశాం, కిటికీ కూడా మూశాం. అంతలో కరెంటు పోయింది.

"పొగ లేదుగా, ఏం పర్లేదు," అంది అక్క, పిండీ కీమా సర్దిన గిన్నె కుంపటి మీద పెట్టి, పీట వేసుకుని పక్కన కూర్చుంటూ. నాకూ అలాగే అనిపించింది.

ఓ రైతు ఫోన్ చేస్తే ముందు గదిలోకి వెళ్ళాను. మబ్బుకి చెరువులో గాలి చాలక రొయ్యలు పైకి తేలుతున్నాయట. జనరేటర్ వేసి, నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పమని చెప్పాను. మాట్లాడుతుంటే తల బరువెక్కింది, కడుపులో తిప్పింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదా అనుకున్నాను. వంటింట్లోంచి రొట్టె మాడుతున్న వాసన వచ్చింది.

"అక్కా, మాడుతోందే!"

వెళ్ళి చూస్తే అక్క గోడకి ఆనుకుని, తల పక్కకి వాల్చి ఉంది. కునుకు పట్టిందేమో అనుకుని భుజం తట్టాను. చెయ్యి జారి నేల మీద పడింది. "అక్కా, అక్కా" అని చెంపలు తట్టాను. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. లేపబోతే నా మోకాళ్ళే కూలబడ్డాయి. ఏమవుతోందో అర్థం కాలేదు. గాలి కావాలని మాత్రం అనిపించింది. పాక్కుంటూ వెళ్ళి బాల్కనీ తలుపు గడియ తీశాను, చంకల కింద చేతులు వేసి అక్కని వానలోకి లాగాను. ఆమె మొహం మీద చినుకులు పడుతున్నా రెప్ప కదల్లేదు. పిట్టగోడ పట్టుకుని కిందకి కేక వేశాను. ఏమని అరిచానో నాకు తెలీదు.

ఇంటివారి ఆవిడ, ఆయన పరిగెత్తుకొచ్చారు. ఆవిడ కుంపటి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించారు. ఆయన, నేను కలిసి అక్కని ఆటోలోకి చేర్చాం. దారంతా ఆమె ముక్కు కింద వేలు పెట్టుకునే కూర్చున్నాను. ఆటో కుదుపుల్లో ఊపిరి తగులుతోందో, గాలే తగులుతోందో తెలిసేది కాదు.

ఆసుపత్రిలో మొహానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. నన్నూ పక్క మంచం మీద పడుకోమన్నారు గానీ నేను పడుకోలేదు.

"ఇంట్లో బొగ్గులు గానీ వెలిగించారాండీ?" అని అడిగారు డాక్టరు గారు.

"పొగేం రాలేదండి."

"ఆ విషపు గాలికి రంగుండదు, వాసనుండదండి. ఇంకాసేపు ఆ గాలి పీల్చి ఉంటే ఇద్దరూ అక్కడే ఉండిపోయేవారు."

"అక్కకి..."

"చూద్దామండి," అన్నారాయన.

అప్పుడే బావగారు ఫోన్ చేశారు. "ఏంటోయ్, రొట్టె కుదిరిందా? మీ అక్క ఫోనెత్తట్లేదు."

"బావగారూ, మీరొకసారి బయల్దేరి రండి," అన్నాను. ఆయన, "బతికుందా?" అన్నారు.

"ఉందండి," అన్నాను, మాస్క్ లోపల ఆవిరి కట్టి కరిగిపోవడం చూస్తూ. మళ్ళీ కట్టేదాకా నా ప్రాణం నిలిచేది కాదు.

ఎంతసేపటికో అక్క కళ్ళు నా వైపు తిప్పింది. మాస్క్ పక్కకి లాక్కుని, నాలిక మడతపడుతుంటే, "నువ్వేంట్రా... ఇలా తడిసిపోయావు?" అంది. మంచం అంచు పట్టుకుని ఏడ్చేశాను.

రెండ్రోజులు ఉంచి పంపించారు. అక్కకి ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఏమీ గుర్తు లేదు, నేను చెప్పిందే తెలుసు. చుట్టాలెవరైనా కలిస్తే ఆ కథ నవ్వుతూ చెబుతుంది. చెయ్యి జారి నేల మీద పడ్డ దగ్గరికి వచ్చేసరికి, మంచినీళ్ళు తాగొస్తానని నేను లేచి బయటికి వెళ్ళిపోతాను.