నాయనమ్మ కలిపిన ఉప్పు

నల్లపాడులో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఈ ఉదయం నాలుగు ఇనప మేకులు దిగేశారు. మేకుల మొదట్లో పోసిన నీళ్ళకు ఎండిన నల్లమట్టి తడిసి, ఆ వాసన గోడ దాటి వస్తే నేను కాఫీ వదిలేసి బయటికి వచ్చాను. బోరు ఎక్కడ వేయాలో కరెంటు పెట్టి చూస్తున్నారట. సర్వే చేసే ఆయన గోడ మీదుగా తల పెట్టి, "మేడమ్, ఇంకో బకెట్ నీళ్ళూ, గుప్పెడు ఉప్పూ ఇప్పిస్తారా? నేల బాగా ఎండిపోయింది, కరెంటు దిగట్లేదు" అన్నాడు. ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుని వంటింట్లోనే నిలబడిపోయాను.

నన్నెరిగినవాళ్ళు నేను చెప్పేదాంట్లో ముప్పాతిక తీసేసి వింటారు. ఇందులో అంత తీయక్కర్లేదు.

నేను పుట్టి పెరిగింది ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే వైపు చిన్న పేటలో. ఎండాకాలం అంటే మాకు కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు పాస్టరుగారి ప్రార్థన మధ్యలో చర్చి చర్చంతా తుమ్మడం, తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారడం, అమ్మలు మైలు దూరం నడిచి తెచ్చిన చెరువునీళ్ళ బిందె మీద ముగ్గురేసి పిల్లల్ని కాపలా పెట్టడం. మా పేట కాకులు బిందె కనిపిస్తే దండం పెట్టి పోయేవి. ఇది తీసేసే ముప్పాతికలోకి వస్తుంది.

అలాంటి ఒక ఎండాకాలం సాయంత్రం డప్పు కొట్టుకుంటూ నాటకం వాళ్ళు వచ్చారు. స్టేజీ లేదు, తెర లేదు. చర్చి ముందు మేమంతా గుండ్రంగా కూర్చుంటే ఆ నడిమి ఖాళీయే వాళ్ళ రంగస్థలం. కథలో ఒక కూలీ దాహంతో చుట్టూ తిరిగి అందర్నీ నీళ్ళడుగుతాడు, ఎవరూ ఇవ్వరు, చివరికి పడి చచ్చిపోతాడు. అతను పడబోయేసరికి మా నాయనమ్మ మరియమ్మ లేచి, ఇంట్లోకి పోయి, చెరువునీళ్ళు గ్లాసుతో తెచ్చి నోటికి పెట్టింది. డప్పాయన పరుగున వచ్చి, "అమ్మా, ఇవ్వమాక, ఇది నాటకం. ఇతను చచ్చిపోవాల" అన్నాడు.

"నా ఎదురుగుండా ఎందుకు చావాల? మీ ఊరు పోయి చావమను" అంది నాయనమ్మ.

నీళ్ళు తాగినవాడు చావడానికి వీల్లేక నాటకం అక్కడే ఆగిపోయింది. పేట పేటంతా నవ్వింది.

ఆ నెలలోనే బోరు సర్వే వాళ్ళు వచ్చారు. మేకులు వరసగా దిగేసి, వాటికి వైర్లు తగిలించి, భూమిలోకి కరెంటు పంపి, పెట్టెలో ముల్లు చూస్తారు. మేకుల్ని దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుందట. మేం అదీ నాటకమే అనుకుని చుట్టూ గుండ్రంగా కూర్చున్నాం. కానీ ముల్లు కదల్లేదు. ఆఫీసరుగారు మేకుల దగ్గర ఉప్పునీళ్ళు పోయాలన్నారు.

"నీళ్ళెతకడానికొచ్చి నీళ్ళడుగుతాడేంది ఈయన" అంది పక్కింటి చిట్టెమ్మ. ఎవరూ కదల్లేదు. నాయనమ్మే లేచి, ఇంట్లో ఉన్న ఒక్క బిందె తెచ్చి, గుప్పెడు ఉప్పు కలిపి, నాలుగు మేకులకీ పసిపిల్లల తల తడిపినట్టు పోసింది. ముల్లు లేచింది.

"నీళ్ళున్నాయమ్మా. రుచి మాత్రం ఈ పెట్టెకు తెలియదు" అన్నారాయన. రెండో మాట ఎవరూ వినలేదు.

బోరు వేసిన రోజు నీళ్ళు తాటిచెట్టెత్తు లేచాయని చెబుతుంటాను. నడుమెత్తు లేచాయి. చిట్టెమ్మ మొదటి గుక్క ఉమ్మేసి, "మరియమ్మత్తా, గుప్పెడన్నావు, బస్తా పోశావా ఏంది?" అంది. పోసిన ఉప్పే పైకొచ్చిందని అంతా నవ్వుకున్నారు. అంతటితో పోయేది. మా నాయనమ్మ కొంగున మూటగట్టి మూడు శేర్ల ఉప్పు పోసింది, నా కళ్ళతో చూశానని బడిలో చెప్పింది నేనే. పిల్లలు నవ్వితే నాకు సంబరం. ఆ కోత పెద్దవాళ్ళ దాకా వెళ్ళి, నవ్వు పోయి నిజమై కూర్చుంది.

నాయనమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. కూరలో ఉప్పు వేయడం మానేసింది, అంతే. పొయ్యి దగ్గర అన్నీ తనే చేసి, చివర్లో మా అమ్మను పిలిచి, "నువ్వెయ్యి. నా చెయ్యి మంచిది కాదు" అనేది. నేను కంచం ముందు తలొంచుకుని కూర్చునేదాన్ని.

క్రిస్మస్ అరిసెల పాకం వాసన పేటలో ఇంకా పోకముందే నాటకం వాళ్ళు మళ్ళీ వచ్చారు. అదే కథ, అదే దాహం మనిషి. అందర్నీ అడుగుతూ వచ్చి నాయనమ్మ ముందు ఆగాడు. ఆమె లేవలేదు.

"బోరునీళ్ళే ఉన్నాయి నాయనా. ఉప్పు. నేనే పాడుచేశా" అంది నేలకేసి చూస్తూ.

ఈ మాట వాళ్ళ నాటకంలో లేదు. అతను చెయ్యి చాపి, "అవే పొయ్యమ్మా. దాహంగా ఉంది" అన్నాడు.

నాయనమ్మ లేచి బోరునీళ్ళు తెచ్చింది. అవి ఒక్క గుక్క దిగడం ఎంత కష్టమో మాకు తెలుసు. అతను గ్లాసు ఎత్తిన చెయ్యి దించకుండా తాగాడు. మూతి తుడుచుకుని, మా వైపు తిరిగి, "తియ్యగా ఉన్నాయి. ఉప్పని ఎవరన్నారు?" అన్నాడు.

డప్పు ఆగిపోయింది. చిట్టెమ్మే, "అయితే రోజూ వచ్చి తాగిపో అబ్బాయా, నీ వంతు చెరువునీళ్ళ మోత మాకు తప్పిద్ది" అంది. జనం గొల్లుమన్నారు. వాళ్ళతోపాటు నాయనమ్మ కూడా నవ్వింది. నాటకం రెండోసారీ పూర్తి కాలేదు.

మర్నాడు పప్పులో ఉప్పు నాయనమ్మే వేసింది. ఎక్కువైంది. మారుమాట లేకుండా తిన్నాం. మూడు శేర్ల సంగతి మాత్రం ఆమె పోయేదాకా ఒప్పుకోలేకపోయాను.

ఇప్పుడు ఆ బోరు పంపు లేదు. పేటకి నీళ్ళు టిన్నుల్లో ఆటోలో వస్తాయి. నాటకాలు ఫోన్లలో వస్తాయి. అందులో ఎవరు దాహంతో పడిపోయినా గ్లాసు అందించడానికి వీల్లేదు.

బకెట్ నీళ్ళలో ఉప్పు నేనే కలిపి, గోడ మీదుగా అందించాను.

"నీళ్ళు పడితే నన్ను పిలవండి. మొదటి గ్లాసు నేను తాగుతా" అన్నాను.

"ఉప్పగా ఉంటే, మేడమ్?"

"ఉన్నా సరే. తియ్యగా ఉన్నాయని చెప్పడం నాకొచ్చు."