నాయనమ్మ కుంచె వచ్చేదాకా

మా కుర్రకాలంలో సిరిసిల్లలో పరుగెత్తడం నేరమేమీ కాదు గానీ, పరుగెత్తినవాడు ఎందుకు పరుగెత్తాడో చెప్పుకోవలసి వచ్చేది. అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగే రోజులవి. పగలు పోలీసులు అడిగేవారు, పొద్దుగూకాక అడవి దిక్కు నుంచి వచ్చినవాళ్లు అడిగేవారు. "ఉత్తగనే ఉరుకుతున్న" అంటే ఇద్దరూ నమ్మేవారు కాదు. సరిగ్గా అప్పుడే నాకు అయిదు వేల మీటర్ల పందెం పిచ్చి పట్టింది (పిచ్చికి సమయం సందర్భం ఉంటుందా!). పిచ్చి వెనుక అవసరమూ ఉంది. కోరుట్ల పోటీలో మొదట వచ్చినవాడికి జగిత్యాల డిగ్రీ కాలేజీలో ఆటల కోటా సీటు. ఓడితే ఏమిటో మా నాన్న, అదే మా బాపు, ముందే తేల్చేశాడు. "గెలిస్తే సదువుకో. ఓడితే తెల్లారే సాంచెల మీదికి రా. మల్ల నోరెత్తద్దు." సాంచెలంటే మా ఊళ్లో మరమగ్గాలు. వాటి మోతలో నోరెత్తినా వినిపించదు లెండి.

తొలిరోజే తెల్లవారగానే చందుర్తి రోడ్డెక్కాను. కాస్త దూరం పోయానో లేదో పోలీసు జీపు అడ్డమొచ్చింది. "ఎవలికి కబురు మోస్తున్నవ్‌రా?" "పందెం సార్, పరుగు పందెం!" "గట్లనా? అయితే ఉరుకు, మేం గూడ సూస్తం" అని ఊరిదాకా నన్ను జీపు ముందు ఉరికించారు. ఆ వేగం జన్మలో మళ్లీ అందుకోలేదు. బాపు గుమ్మంలోనే పట్టుకుని "ఇగ రోడ్డు దిక్కు పోయినవో, కాళ్లిరగ్గొడ్త" అన్నాడు. ఏడుపుముఖంతో మా డ్రిల్లు సారు దగ్గరికి పోయాను. ఆయన మీసం దువ్వుకుంటూ, "రోడ్డు లేకపోతే గల్లీ లేదార? పానం పెట్టి ఉరుకు, ఆగు, దమ్ము తీస్కో, మల్ల ఉరుకు. కండ దమ్ముకోసం కొట్లాడాలె. గప్పుడే ఉన్నదాన్ని పొదుపుగ వాడుడు నేర్సుకుంటది" అన్నాడు. గల్లీ ఉరుకుడు అంత పెద్ద పందేనికి సరిపోతుందా అని అడిగితే, "సరిపోకపోతే నా మీసం తీసేస్త!" అన్నాడు.

మా గల్లీ పొడవు నూటయాభై అడుగులేస్తే అయిపోతుంది. పొద్దున్నే అక్కడ తాత మగ్గానికి పడుగు నూలు గల్లీ పొడవునా చాపేవారు. నాయనమ్మ ఆ నూలుకు గంజి పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసదాకా కుంచెతో దువ్వేది. గడియారం లేని నాకు ఆ కుంచే లెక్క. నేను ఒక్క ఊపున ఆ కొసకు ఉరికి నిలబడితే, నాయనమ్మ కుంచె నా దగ్గరికి వచ్చేదాకా విశ్రాంతి. రాగానే వెనక్కి తిరిగి మళ్లీ దౌడు. ఎవరితోనైనా ముచ్చట పెట్టిందా, నా పంట పండినట్టే. ఒకసారి నా కాళ్ల దుమ్ము తడి నూలు మీద పడితే అదే కుంచెతో వీపు వాయగొట్టింది. వాడకట్టంతా ఒకటే నవ్వు. "ఏందిర, కుక్కలు తరిమినయా?" మొదట్లో నాలుగో దౌడుకే కళ్లు తిరిగేవి. రానురాను పది దౌడుల తర్వాత కూడా నాయనమ్మతో తగవు పెట్టుకునేంత దమ్ము మిగిలింది.

కోరుట్ల మైదానంలో ఈల మోగింది. అందరికంటే ముందు దూసుకుపోయాను. నూటయాభై అడుగులు కాగానే నా కాళ్లు వాటంతటవే టక్కున ఆగి, వెనక్కి తిరిగాయి! అలవాటు మరి. ఎదురుగా నా మీదికి ఉరికొస్తున్న ఇరవై మంది, చుట్టూ గొల్లుమన్న జనం. "అది గల్లీ కాదుర సన్నాసీ, ముంగటికి ఉరుకు!" అని సారు గొంతు చించుకున్నాడు. మళ్లీ తిరిగేసరికి నేనే ఆఖరు. సాంచెల మోత చెవుల్లో మోగింది. భయపడ్డాను, దాచడమెందుకు. కానీ సగం పందెం దాటాక వింత జరిగింది. ముందున్నవాళ్లు ఎగపోస్తున్నారు, నాకింకా ఊపిరి ఉంది. ఒక్కొక్కరినీ దాటాను. చివరి చుట్టులో గల్లీ దౌడు తీశాను, ఈసారి ఆగకుండా. తాడు నా ఛాతీకే తగిలింది! నూలు కొనడానికి పోతున్నానని చెప్పి బయల్దేరిన బాపు జనంలోంచి తువ్వాల ఊపుతూ, "గాడు నా కొడుకు! నా కొడుకే!" అని అరుస్తూ గెంతుతున్నాడు. సారు మీసం భద్రం, నా సీటూ భద్రం. ఇంటికొచ్చాక నాయనమ్మ మాత్రం, "గెల్సినవ్ సరే, నడుమ ఎనక్కి ఎందుకు తిరిగినవ్‌ర?" అంది.

ఫిజియోథెరపీ చదివిన నా బిడ్డ మొన్న వివరించింది. అలా ఆగి ఆగి ప్రాణం పెట్టి పరుగెత్తితే కండల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా పెరుగుతాయట, కండ తనలోని చక్కెర నిల్వను పొదుపుగా వాడుకుంటుందట. సారు ఈ మాట ఎప్పుడో చెప్పాడమ్మా అన్నాను. ఇప్పుడు మూడో అంతస్తులోని మా ఇంటికి మెట్లెక్కుతూ రెండోదాని దగ్గరే ఆగిపోతాను. "అలిసిపోయినవా, బాపూ?" అని బిడ్డ పైనుంచి అడుగుతుంది. లేదని చెప్పి గోడకు ఆనుకుంటాను. నాయనమ్మ కుంచె ఇంకా ఆ కొసనే ఉంది. అది రాగానే ఉరుకుతాను.