నెవాడాలో ఇరుక్కున్న ఛుట్టీ

ఆ రోజుల్లో ప్రపంచం మొత్తంలో నాకు తెలిసిన చోట్లు మూడే. జగిత్యాల అవతల మా ఊరు, ఒమాన్‌లో నేనుండే సూర్, ఈ రెంటి మధ్య విమానం ఎక్కి దిగే హైదరాబాద్. నాలుగో చోటొకటి ఉందనీ, అది అమెరికాలో ఉందనీ, నేను ఇంటికి పోవాలో వద్దో అక్కడి జనం ఓట్లేసి తేలుస్తారనీ ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాణ్ణి రూమ్‌లో అందరికీ చూపించి నవ్వించేవాణ్ణి. తీరా అదే జరిగింది. గల్ఫులో కరోనా ఏడు గడిపినవాళ్ళని ఎవరినైనా అడగండి, ఆ ఏడు జరగని విడ్డూరం లేదంటారు. నాది అందులో ఒకటి మాత్రమే.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. సూర్ పట్నం దాటాక సముద్రం వైపు గోడౌన్లు కడుతుంటే, ఆ సైట్లో ఇనుప సలాకలు వంచి తీగతో కట్టే పని నాది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఆపేసి వచ్చినవాణ్ణి కాబట్టి రూమ్‌లో అందరూ నన్ను 'డిగ్రీ' అని పిలిచేవారు. (నిజంగా పాసైనవాళ్ళు పక్క రూమ్‌లో ఇద్దరుండేవారు. వాళ్ళనెవరూ అలా పిలవలేదు.) కంపెనీ నుంచి కాగితం వచ్చినా, ఫోన్లో ఇంగ్లీషు మెసేజ్ వచ్చినా చదివి చెప్పే బాధ్యత నాదే. అర్థం కాని చోట కూడా ఆగకుండా చదివేవాణ్ణి. ఆగితే పరువు పోతుంది కదా.

నేను ఊళ్ళో బయల్దేరేనాటికి నా భార్యకు ఐదో నెల. బిడ్డ పుట్టినప్పుడు నేను సైట్లో ఉన్నాను. పదకొండో నెలలో వేములవాడలో పుట్టెంట్రుకలు తీద్దామని ఇంట్లో అనుకున్నారు, నేను వచ్చాకే తీయాలని నా భార్య పట్టుబట్టింది, అంతలో విమానాలు ఆగిపోయాయి. పదకొండో నెల పోయింది, ఏడాది నిండింది, పిల్ల జుట్టు కళ్ళలోకి వచ్చింది. నడినెత్తిన పిలక కట్టి, ఫోన్ ముందు కూర్చోబెట్టి చూపించేది. ఆ పిలక ఊగుతుంటే ఇటు నా చేతులు ఊరుకునేవి కావు. ఒక్కసారి, ఆ జుట్టు పోకముందు ఒక్కసారి నా చేత్తో నిమరాలి. అంతకు మించి అప్పట్లో నాకు ఈ లోకం నుంచి ఏమీ అక్కర్లేదు. మా అమ్మ మాత్రం కార్తీకం దాటనిచ్చేది లేదని తేల్చి చెప్పేసింది.

కార్తీకం ఇంకో పది పన్నెండు రోజుల్లో వస్తుందనగా విమానాలు కొద్దికొద్దిగా మొదలయ్యాయి. ఒక్కో మేస్త్రి కింద నుంచి ఒక్కరే ఛుట్టీ మీద ఇంటికి వెళ్ళొచ్చని కంపెనీ చెప్పింది. మా మేస్త్రి కింద అడిగినవాళ్ళం ఇద్దరం. రెండోవాడు మా రూమ్‌లో అందరం కాకా అని పిలిచే పెద్దాయన. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి గల్ఫులో ప్లాస్టరింగ్ చేస్తున్న మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఊళ్ళో ఆయన భార్యకు కంటి ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆయన పక్కనుంటేనే చేయించుకుంటానని ఆమె మొండికేసి కూర్చుంది. ఎవరిది పెద్ద కష్టం అని మేస్త్రి తూచలేకపోయాడు. నిర్మల్ వైపు మనిషి, గొంతు పెద్దది, గుండె చిన్నది. అంతకు ముందు ఏడు ఇలాంటి పంచాయితీ వస్తే చిట్టీలు తీశాడు. ఒక చిట్టీకి మడత ఎక్కువుందని ఓడినవాడు మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆ బాధ ఆయనకింకా ఉంది.

ఆ వారమే సైట్లో మా అమెరికా ఇంజినీరు టీ తాగుతూ, తమ నెవాడా రాష్ట్రంలో అధ్యక్షుడి ఎన్నిక ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారని మేస్త్రితో అన్నాడట. (మేం ఆయన్ని నెవాడా సార్ అనేవాళ్ళం. ఆయనకు వేరే పేరుందని చాలామందికి తెలియదు.) సాయంత్రం మేస్త్రి మా రూమ్‌కి వచ్చి నడుమ నిలబడ్డాడు.

"చిట్టీలేస్తే మడత అంటరు. బైసా బిళ్ళ ఎగరేస్తే బిళ్ళ వంకరున్నది అంటరు. గీ ముచ్చట మన క్యాంపుల తెగది. నెవాడా సార్ రాష్ట్రంల ఓట్లు పడుతున్నయి. ఒక పార్టీది ఎర్ర రంగు, ఒకదానిది నీలం. మీరిద్దరు చెరొక రంగు పట్టుకోండ్రి. ఏ రంగు గెలిస్తే ఆ రంగోడు ఇంటికి పోతడు. గా ఓట్లల్ల నేను ఏలు పెట్టినననైతే ఎవడూ అనడు గద."

రూమ్‌లో పన్నెండుమందిమీ ఇందులో తప్పు వెతికాం. దొరకలేదు.

"పిలగాడు సదువుకున్నోడు, ముందుగాల ఆన్నే తీసుకోమను," అన్నాడు కాకా.

ఇంటికి ఫోన్ చేసి వస్తానని అబద్ధం చెప్పి బయటికి నడిచాను. వాటర్ ట్యాంక్ వెనక నిలబడి, కిందటిసారి నెవాడాలో ఓట్లు ఎలా పడ్డాయో ఫోన్లో వెతికాను. మ్యాపు దొరికింది. రాష్ట్రమంతా ఎరుపే. ఎడమ అంచున కొంచెం, కింద మూలన కొంచెం నీలం అంటుకుని ఉంది. నా గుండె తేలికైపోయింది. మ్యాపు కింద ఇంగ్లీషులో రెండు లైన్లున్నాయి, అవి చదవలేదు. లోపలికి వెళ్ళి ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కుని, "నాకు ఎరుపియ్యి అన్నా," అన్నాను. కాకా తలూపి నీలం తీసుకున్నాడు. పెద్దమనిషిని మోసం చేశానని రెండు నిమిషాలు బాధపడ్డాను. తర్వాత పిలక గుర్తొచ్చింది, బాధ పోయింది.

బుధవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి లెక్కింపు మొదలైంది. ఫోన్ తెరిస్తే నెవాడా మళ్ళీ ఎర్రగా ఉంది. మంచం మీద నిలబడి ఫోన్ అందరికీ తిప్పి చూపించాను. కాకా దగ్గరికి తెచ్చుకుని చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "మంచిదే బిడ్డా," అన్నాడు. అది వినిపించుకునే తీరిక నాకెక్కడిది? ఇంటికి ఫోన్ కలిపాను.

"జుట్టు ముట్టద్దని అత్తమ్మకు చెప్పు. నేనస్తున్న."

"టికెటయిందా?" అంది నా భార్య.

"టికెట్ కాలే. నెవాడా అయింది."

"అదేంది, కొత్త విమానమా?" అని అడిగి, నేను విడమరిచి చెప్పినదంతా వింది. తర్వాత చాలా మెల్లగా, "నిజంగ వస్తవా?" అంది. వస్తానన్నాను. మరునాడు డ్యూటీ అయ్యేదాకా కూడా ఆగకుండా అప్పుడే సూర్ బజారుకు పోయి పిల్లకు మెత్తటి దువ్వెన కొన్నాను. (గుండు చేయించబోయే పిల్లకు దువ్వెన కొన్న తండ్రి ఒమాన్ మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.)

గురువారం మధ్యాహ్నం అన్నం వేళ మేస్త్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముందు రాత్రి నా ఫోన్ నుంచి పంపించుకున్న మ్యాపుని ఆయన పొద్దున నెవాడా సార్‌కి చూపించాడట. సార్ నవ్వి, నవ్వి, కర్ర తీసుకుని ఇసుకలో రాష్ట్రం గీసి మరీ చెప్పాడట.

"ఓ డిగ్రీ, నీ ఎర్రదంత ఉత్త భూమేనటరా. ఇసుక, గుట్టలు, ఆవులు. మనుషులంత గీ కింద మూలకే ఉన్నరట. గా బయటికి ఓసారి చూడు. ఈడికెళ్ళి మస్కట్ దాక గుట్టలకు ఓట్లుంటె ఎవడు గెలుస్తడో చెప్పు."

బయటికి చూశాను. ఎండలో మెరుస్తూ ఇసుక, దాని వెనక బోడి గుట్టలు, మధ్యలో మా క్యాంపు. ఇరవై నెలలుగా పొద్దున్నే లేచి చూస్తున్నది అదే. ఎడారిలో మనుషులుండరన్న సంగతి మర్చిపోవడానికి ఎడారిలోనే బతుకుతున్న నాకంటే తగినవాడు ఎవడుంటాడు. అప్పుడు ఫోన్ తీసి, కిందటిసారి మ్యాపు కింద వదిలేసిన రెండు లైన్లు చదివాను. అంత ఎరుపులోనూ అప్పుడు గెలిచింది నీలమేనట. ఈసారి కూడా అంకెల్లో నీలమే కొంచెం ముందుంది. ప్లేటు పక్కకు జరిపాను.

మేస్త్రి ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆ మూలన ఉన్న పెద్ద పట్నం నిండా హోటళ్ళేననీ, వాటిల్లో పక్కలు మార్చేవాళ్ళు, వంటలు చేసేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు లెక్కలేనంతమంది ఉన్నారనీ, ఎక్కడెక్కడినుంచో బతకడానికి వచ్చినవాళ్ళు వాళ్ళలో చాలామందనీ సార్ చెప్పాడట.

"అంటే మనసొంటోళ్ళే," అన్నాడు నా పక్కన తింటున్న కాకా. "మరి వాళ్ళకు ఓటున్నదా?"

"ఆ దేశపోళ్ళు అయినోళ్ళకు ఉన్నదట."

కాకా ప్లేటులో అన్నం కలుపుకున్నాడు. "మంచిగున్నది," అన్నాడు. "నేను ఓటెయ్యక ఇరవై ఎనిమిదేండ్లాయె. ఎప్పుడు ఎలక్షన్లచ్చినా నేను ఈడ్నే ఉంటి." ఆ మాట నాకప్పుడు తగల్లేదు. నా గోల నాది.

శుక్రవారం సెలవు. మాకూ నెవాడాకీ సరిగ్గా పన్నెండు గంటల తేడా, గడియారం తిప్పక్కర్లేదు, పొద్దూ సాయంత్రం మార్చుకుంటే చాలు. మేం పడుకుంటే వాళ్ళు లేస్తారు, లేచి కాసిని లెక్కపెట్టి మిగిలినవి రేపంటారు. మా సర్పంచ్ ఓట్లయితే పొద్దూకేలోగా తేల్చి గులాలు చల్లుకుంటారు, వీళ్ళకేం పుట్టిందని రూమంతా విసుక్కుంది. లెక్కలో మోసం జరిగిందని అక్కడ అరుస్తున్నారని ఎవరో చదివి చెప్పారు. మేస్త్రి తల పట్టుకుని, "గక్కడ గూడ మడత పంచాయితేనా," అన్నాడు. కాకా కోడికూర వండి, తొడ ముక్క నా ప్లేటులో వేశాడు. నేను తినలేకపోయాను. ఇంటి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, రెండుసార్లూ ఎత్తలేదు. మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ రోజు ముక్కూ మొహం తెలియని ఒక పట్నం మీద నాకు ఏడుపొచ్చింది.

శనివారం డ్యూటీ దిగి అన్నాలకు కూర్చునే వేళకు తేలింది. నీలం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాకా లేచి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. గెలిచినవాడు అలా వెళ్ళడం నేనెక్కడా చూడలేదు. ఇంటికి ఫోన్ చేసి చెబితే నా భార్య తిట్టలేదు, అడగలేదు, "అన్నం తిన్నవా?" అని మాత్రం అంది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

కాకా అట్టపెట్టెకు తాడు కడుతున్న సాయంత్రం నేను పక్కన కూర్చుని, వాటర్ ట్యాంక్ వెనక చేసిన పని చెప్పేశాను. మోసం చెయ్యబోయి నేనే పడ్డానన్నాను. ఆయన తాడు ముడి బిగిస్తూనే విన్నాడు.

"నాకెరుకే. ఫోన్ పట్టుకొని బయటికి పోయి నవ్వుమొఖంతోని వస్తివి గద."

"మరెందుకు ఊకున్నవ్ కాకా?"

"రంగు నేను ఏరుకొని గెలిస్తే, పసిబిడ్డను చూడకుంట జేసిండని నీ మనసుల ఉంటది. నువ్వే ఏరుకొని ఓడితే నిన్ను నువ్వే తిట్టుకుంటవ్. ఇంటికి పొయ్యేటప్పుడు ఎవ్వల ఉసురూ మోసుక పోవద్దు బిడ్డా."

నేను ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. ఇరవై నాలుగేళ్ళ మగవాడు అలా ఏడవొచ్చా అంటే, ఆ క్యాంపులో ఏడవనివాడు ఎవడో నాకు చూపించాలి. కాకా వెళ్ళాడు, ఆపరేషన్ బాగా జరిగింది, మళ్ళీ తిరిగి రాలేదు. కార్తీకంలో మా పిల్లకు గుండు చేయించారు. నేను ఫోన్లో చూశాను. నేను వెళ్ళగలిగేసరికి ఇంకో ఏడాది పట్టింది. అప్పటికి జుట్టు మళ్ళీ చెవుల దాకా పెరిగింది, నిమరబోతే నా చెయ్యి తోసేసి వాళ్ళమ్మ కొంగు వెనక దాక్కుంది.

ఇప్పుడు నేను సలాలాలో ఉన్నాను. నేనే మేస్త్రిని. నాలుగేళ్ళ తర్వాత అమెరికాలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి, నెవాడావాళ్ళు మళ్ళీ తాపీగా లెక్కపెట్టారు. ఒక పొద్దున టీ తాగుతూ ఫోన్ చూస్తే ఈసారి ఎరుపు గెలిచింది. నా రంగు. ఎప్పటి సంగతో మరిచి, కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళు ఏమైందన్నారు. ఇంటికి ఫోన్ చేశాను. బిడ్డే ఎత్తింది.

"నాన్న గెలిచిండు బిడ్డా."

"ఏం ఆట?"

"ఆట కాదు, ఓట్లు."

"గెలిస్తే ఏమిస్తరు?"

"ఇంటికి పంపుతరు," అన్నాను. నోరు జారిపోయింది.

"అమ్మా, నాన్న రేపస్తుండట," అని అటు ఒకటే కేక. కంగారు పడిపోయి, ఇంకా లెక్క పెడుతున్నారు బిడ్డా, అది అయినంక వస్తానని సర్దిచెప్పాను. చదవకుండా చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆ తర్వాత ఒకసారి వెళ్ళి రెండు నెలలుండి వచ్చాను. అయినా ఆ మాట తను వదల్లేదు. ఇప్పుడు బడికి పోతోంది, ఓట్లంటే ఏమిటో, లెక్కంటే ఏమిటో దానికి బాగానే తెలుసు. తెలిసీ, ఫోన్ పెట్టేసే ముందు రోజూ ఒక్కసారి అడుగుతుంది. "నాన్నా, లెక్క అయిందా?"

"అయితాంది బిడ్డా," అంటాను. నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక ఇరవై నాలుగేళ్ళ ఆ డిగ్రీగాడు గుర్తొస్తాడు. నాలుగు రోజుల లెక్కకే తిండి మానేశాడు, పాపం.