జీవరత్నం గారి పొట్టి నారు

మా విచారణలో, అంటే మా చర్చి కిందికొచ్చే ఊళ్ళలో, జీవరత్నం గారంటే తెలియనివాళ్ళు లేరు. కాపురం గన్నవరం పక్కన మా ఊళ్ళో, పని పట్నంలో, గవర్నర్‌పేటలో. లేడీస్ టైలరు. మనిషి బాగా పొట్టి. ఆయన భార్య తెరేసమ్మ గారు ఆయన కన్నా తలకాయంత పొడుగు. పెళ్ళి ఫొటోలో ఆయన్ని పీట మీద నిలబెట్టారట. ఆ పీట ఇంకా ఇంట్లోనే ఉంది, ఆవిడ దాని మీద కూర్చునే కూరలు తరుగుతారు.

క్రిస్మస్‌కి చర్చిలో బాలయేసు పుట్టిన పశువుల పాక కట్టేది జీవరత్నం గారే. వాళ్ళమ్మ నాటి నుంచీ అది ఆ ఇంటి హక్కు. పళ్ళాల్లో మట్టి పోసి, వడ్లు చల్లి, మొలిచిన నారుని పాక చుట్టూ పచ్చికలా పేరుస్తారు. ఆ నారుకి కత్తెర తగలకూడదు, పండగయ్యాక పొలంలో నాటాలి. అది వాళ్ళమ్మ పెట్టిన కట్టడి. చిక్కేమిటంటే నారు ఎక్కడా ఆగదు. ఒక ఏడు పాకలో పెట్టిన మట్టి గొర్రెల్ని మింగేసింది. నిరుడు బాలయేసే కనబడలేదు, జనం గడ్డి పాయలు తీసి వెతుక్కున్నారు. పాక పక్కన కూర్చుని తబలా వాయించే నేను నవ్వాపుకోలేక తాళం తప్పాను.

బాలశౌరి ఫాదర్ గారు మాత్రం నవ్వలేదు.

"జీవరత్నం గారూ, ఇంకొక్క ఏడు చూద్దామండీ. మళ్ళీ అడవైతే మటుకు ప్లాస్టిక్ గడ్డి కొనేద్దాం. పాక సంగతి యూత్ వాళ్ళు చూసుకుంటారు."

ఆయనకి అన్నం సహించలేదు. ప్లాస్టిక్ గడ్డి అమ్మే కొట్టు సరిగ్గా ఆయన షాపుకి ఎదురుగానే ఉంది మరి.

ఆ బాధ చూడలేక మేనకోడలు హెలెన్ గుప్పెడు వడ్లు తెచ్చిచ్చింది. ఆ పిల్ల వరి మీద పరిశోధన చేస్తోంది.

"ఇవి పెరగవు మామయ్యా. మొక్క పొడుగవ్వాలంటే దాని ఒంట్లో ఒక హార్మోను తయారవ్వాలి. అది తయారుచేసే జీను వీటిలో పాడైపోయింది. మన పొలాల్లో వరి గాలికి పడకుండా నిలబడేది కూడా అలాంటి జీను వల్లే. కాకపోతే అక్కడ హార్మోను కాస్త తగ్గుతుంది, వీటిలో దాదాపు లేనట్టే."

"అయితే మావాళ్ళేనన్నమాట!" అని ఆయన ఎగిరి గంతేశారు. పండక్కి ఆశ్చర్యపరచాలని భార్యకి మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

నారు నిజంగానే వేలెడు దగ్గర ఆగిపోయింది. ముదురాకుపచ్చగా, గుబురుగా, చూడముచ్చటగా ఉంది. ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. రోజూ పొద్దున్నే ఒక మట్టి గొర్రెని పళ్ళెంలో నిలబెట్టి చెవులు కనబడుతున్నాయో లేదో చూసి, షాపుకెళ్ళి కొలతలకొచ్చినవాళ్ళందరికీ ఫోనులో ఆ ఫొటోలు చూపించేవారు. ఆ ఊపులో ఒకావిడ జాకెట్టుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి కుట్టేశారు కూడా.

ఇంతలో పండగ బట్టల ఒత్తిడి పెరిగింది. పళ్ళాలు చర్చి వెనక గదిలో పెట్టి, నీళ్ళు పోసే పని తెరేసమ్మ గారికి అప్పజెప్పి, ఆయన షాపులోనే మకాం పెట్టారు.

తెరేసమ్మ గారిది జాలిగుండె. ఎదుగూ బొదుగూ లేని నారుని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఇంటి వెనక మొక్కలకి కొట్టే గ్రోత్ టానిక్ తెచ్చి, వెనక వరస నుంచి మొదలుపెట్టి రోజూ కొట్టారు. ముందు వరస దాకా రాకుండానే సీసా ఖాళీ అయింది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం జీవరత్నం గారు గది తలుపు తీసి పెట్టిన కేకకి తెరేసమ్మ గారూ హెలెనూ పరుగెత్తుకొచ్చారు. వెనక వరసంతా మూరెడు ఎదిగి, తుఫానుకి పడిన చేనులా ఒరిగిపోయి ఉంది.

"ఎవరు చేశారీ పని?"

"నేనేనండీ. పాపం, పొట్టిగా బిక్కుబిక్కుమంటున్నాయని మొక్కల టానిక్ కొట్టాను..."

"నా కొంప ముంచావే తెరేసా!" అని మెళ్ళో టేపు తీసి నేలకేసి కొట్టారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

హెలెన్‌కి నవ్వాగలేదు. "జీను పాడైంది తయారుచేసుకోడానికే మామయ్యా. ఆ టానిక్‌లో ఉండేది ఆ హార్మోనే, బయటినుంచి పోస్తే చక్కగా తీసుకుంటాయి. వాటికి లేనిది అత్తయ్య పోసింది, ఎదిగాయి."

జీవరత్నం గారు భార్య వంక చూశారు, నారు వంక చూశారు. తర్వాత వంగి టేపు తీసుకున్నారు.

"ఏడవకు తెరేసా. గుడ్డ ఎక్కువైతే కత్తిరిస్తామా ఏంటి? కుచ్చిళ్ళు పెడతాం."

పొడుగు నారుని పాకకి రెండు పక్కలా నిలిపి, పాయలు పాయలుగా పైకి వంచి, నడిమధ్య దారంతో కలిపారు. కింద ఆయన కుచ్చిళ్ళు సర్దారు, పైన ఆవిడ ముళ్ళు వేశారు. ఒక్క పోచ తెగలేదు. పాకకి పచ్చని పైకప్పు లేచింది. ముందు పొట్టి నారులో గొర్రెలు, గొల్లలు, వాళ్ళ మధ్య బాలయేసు, అందరూ కనబడ్డారు. ఆ రాత్రి తబలా మీద నా చేతులు వాటంతటవే ఆడాయి.

ఫాదర్ గారు కళ్ళజోడు సవరించుకుని గొర్రెల చెవులతో సహా చూశారు. "ప్లాస్టిక్ గడ్డి ఊసు ఇంకెందుకులెండి. వచ్చే ఏడు కూడా మీరే కట్టాలి."

యూత్ వాళ్ళు భార్యాభర్తల్ని పాక ముందు నిలబెట్టి ఫొటో తీయబోయారు. ఎవరో కొంటె మనిషి ఇంటికి పరుగెత్తి ఆ పెళ్ళి పీట పట్టుకొచ్చాడు. ఎవరని అడక్కండి.

జీవరత్నం గారు పీటని కాలితో పక్కకి నెట్టి, తెరేసమ్మ గారి చెయ్యి పట్టుకున్నారు.

"అక్కర్లేదోయ్. నాకు లేనిది ఈవిడ ఎప్పణ్ణుంచో పోస్తూనే ఉంది."