జెర్రిపోతుకు అడ్డం కూర్చున్న నానమ్మ

నా చిన్నప్పుడు పాతబస్తీలోని ఉప్పుగూడలో మేముండే ఇంట్లో మనుషులం నలుగురమే గానీ కాపురాలు మాత్రం చాలా ఉండేవి. మూలల్లో సాలీళ్లు, దూలాల మీద బల్లులు, వెనక వసారా గోడ కింద బొరియలో ఒక జెర్రిపోతు. అదేమన్నా మా సొంత ఇల్లా అంటే కాదు, కిరాయి గది. అమ్మానాన్న పొద్దున్నే పనికి పోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ మా నానమ్మే మిగిలేవాళ్లం.

నానమ్మ పల్లీలు వేయించి, పొట్లాలు కట్టి, సాయంత్రాలు రైల్వే స్టేషన్ దగ్గర అమ్మేది. పల్లీల బస్తాలు వసారాలోనే ఉండేవి. అంతకుముందు ఎలుకలు వాటిని కొరికి సగానికి సగం పాడుచేసేవట. జెర్రిపోతు వచ్చాక ఎలుకల పీడ వదిలింది. అందుకే నానమ్మ దాని జోలికి పోయేది కాదు, ఎవరినీ పోనిచ్చేది కాదు. సాలీళ్ల విషయంలోనూ అంతే. పండుగ ముందు ఇల్లంతా బూజు దులిపినా బస్తాల పైనున్న మూలను వదిలేసేది, ఈగలూ దోమలూ అక్కడే చిక్కుకుంటాయని. అమ్మ గొణిగితే, "మనమే కిరాయికున్నోళ్లం, ఇంకొకళ్లను ఎల్లగొట్టేతందుకు మనమెవ్వరమే?" అనేది.

నాకు మాత్రం పామంటే హడల్. వసారాలోకి పోవాలంటే ముందు దబదబా కాళ్లు నేలకేసి కొట్టి, అది పోయిందని నమ్మకం కుదిరాకే అడుగు పెట్టేదాన్ని.

ఒక వానాకాలం పొద్దున ఇంటి ఓనరు గోడ చెమ్మ చూడటానికి వచ్చి, గోడ వారన పాకుతున్న జెర్రిపోతును చూశాడు. అంతే, నాగుపాము నాగుపాము అని అరిచి గల్లీనంతా లేపాడు. కట్టెలూ పారలూ పట్టుకుని మగవాళ్లంతా మా వసారాలో జమయ్యారు. ఆ లొల్లికి పాము బొరియలోకి దూరింది. తవ్వి చంపమన్నాడు ఓనరు. నానమ్మ వద్దంటే ఆయనకు ఇంకా రోషం వచ్చింది. "పామన్న పోవాలె, లేకుంటే మీరన్న పోవాలె" అని తెగేసి చెప్పాడు. గది పోతే ఆ వానల్లో మేం ఎక్కడికి పోవాలో నాకు తోచలేదు.

నానమ్మ అప్పటిదాకా చేటలో పల్లీలు చెరుగుతోంది. చేటతో సహా లేచి, పీట తెచ్చి సరిగ్గా బొరియకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. నన్నూ రెక్క పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నా వెనక పాము, నా ముందు కట్టెలు. నేను నానమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆమె మాత్రం మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

అది నాగు కాదు, జెర్రిపోతు అంది. ఆ మాటకు వచ్చినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జెర్రిపోతు నాగుపాముకు మొగుడని మా గల్లీలో నమ్మనివాళ్లు లేరు. ఆ నమ్మకానికి హిందువూ ముసల్మానూ తేడా కూడా లేదు. నానమ్మ తాపీగా అందుకుంది.

"మొగన్ని సంపితే ఆడిది ఊకుంటదా? ముందుగాల దెబ్బ ఏసినోన్ని ఎతుక్కుంట వస్తదంటరు గదా. సరే, సంపుండ్రి. ముందుగాల ఎవలు కొడ్తరో పేరు జెప్పుండ్రి, నేను లేస్త."

ఓనరు పక్కింటి చాచా వైపు చూశాడు. చాచా "నక్కో బాబా, ఘర్ మే బచ్చే హై" అని, ఇంట్లో పిల్లలున్నారు నాకొద్దంటూ కట్టెను గోడకు ఆనించాడు. చూసింది నువ్వే కాబట్టి నువ్వే కొట్టమని ఎవరో ఓనరును ముందుకు తోశారు. ఇల్లు నాది, కొట్టే పని నాది కాదని ఆయన నసిగాడు. నువ్వంటే నువ్వని కాసేపు వాళ్లలో వాళ్లే తిట్టుకుని, వాన మొదలవగానే ఒక్కొక్కరే జారుకున్నారు. ఆఖరికి ఓనరు మిగిలాడు. "నన్ను ఎల్లగొడ్తె ఈ గదిల ఎవలుంటరు? నువ్వుంటవా?" అంది నానమ్మ. గది ఖాళీ చేయమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

అంతా పోయాక, ఆడపాము నిజంగానే వస్తుందా అని భయంగా అడిగాను. అదో జాతి, ఇదో జాతి, మొగుడు లేడు పెండ్లాం లేదని నవ్వింది. "పదిమందిల ఉంటే అందరు పహిల్వాన్లే బిడ్డా. ఒక్కొక్కన్ని పేరడుగు, ఒక్కడు నిలవడడు."

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మా ఇంటి మూలల్లో ఇప్పటికీ సాలీళ్లున్నాయి. కోడలు పురుగుల మందు డబ్బా తెస్తే దాచేస్తాను, ముసలిదానికి చాదస్తమని ఎవరనుకున్నా నాకు ఫికర్ లేదు. మొన్నటి వానలకు నాలా పొంగి ఒక పాము మా మెట్ల కిందికి చేరితే గల్లీ పిల్లలు కట్టెలతో వచ్చారు. నానమ్మ చెప్పిన కథే చెప్పాను. వాళ్లు పకపకా నవ్వి, అదంతా ఝూటా అవ్వా, ఫోన్‌లో చూడమన్నారు. ఝూటానే బిడ్డా అని ఒప్పుకుని, మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మరి ముందు కొట్టేదెవరో పేరు చెప్పమన్నాను. కాసేపటికి వాళ్లలోనే ఒకడు కట్టె పారేసి పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేశాడు.

పాముల కోసమే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. ఈ పాతబస్తీలో కట్టెలు పట్టుకున్న గుంపులు మనుషుల కోసం కూడా వచ్చాయి. నా నడివయసులో ఒకసారి, మతాల గొడవలప్పుడు, మా ఎదురింటి తలుపు ముందుకే వచ్చాయి. లోపల ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. నేను పోయి ఆ గడప మీద కూర్చున్నాను. భయమేసింది, అబద్ధం చెప్పను. అయినా ముందు ఎవరు కొడతారో పేరు చెప్పి రమ్మన్నాను. ముందున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. నేను మాత్రం నా పేరూ మా నాన్న పేరూ గట్టిగా చెప్పి, వాళ్లు గల్లీ దాటేదాకా అక్కడే కూర్చున్నాను.