తాజ్ మహల్ చుట్టూ కొబ్బరితోట

అమలాపురంలో యాత్రా బస్సుల పోస్టరంటే ఒకప్పుడు గణపతి కుంచెదే. ఫ్లెక్సీలు రాని రోజుల్లో చార్మినారు, ఎర్రకోట, తాజ్ మహల్, ఏది కావాలంటే అది వేసిచ్చేవాడు. ఒక్కటీ కళ్ళారా చూసిన పాపాన పోలేదు. కేలండరు బొమ్మ చూసి కట్టడం దించేవాడు. చుట్టూ ఖాళీ మిగిలితే కొబ్బరిచెట్లు పెట్టేవాడు. కోనసీమ వాడి చెయ్యి మరి, ఖాళీ జాగా చూస్తే ఊరుకుంటుందా? ఎర్రకోటకు రెండు, చార్మినారుకు నాలుగు, తాజ్ మహల్‌కైతే ఏకంగా తోటే! ఇదేమిటని అడిగిన నాథుడు లేడు. బస్సులు మాత్రం నిండేవి.

ఈ ఏడాది ట్రావెల్స్ శ్యామ్ బాబు, తండ్రి నాటి పోస్టర్లు అటక మీంచి దింపాడు. పాతవాటికి ఇప్పుడు మోజు కదా! వాటిని బస్సుకు అంటించి, ఉత్తరదేశ యాత్రకు గణపతికి ఉత్తినే సీటిచ్చాడు. గణపతి సంబరం పక్క సీటులో సూరమ్మగారు కూర్చునేదాకానే.

“మీ తాజ్ మాలు బొమ్మ అంబాజీపేటలో మా వీధిగదిలో ముప్పై ఏళ్ళ నుంచీ ఉందండీ. ఆ తోటలో ఓ చెట్టు కింద కాసేపు కూర్చోవాలని నా కోరికండి. మావాళ్ళు వద్దన్నా బయల్దేరేను” అందావిడ.

“ఆయ్” అన్నాడు గణపతి. ఇంకేమంటాడు? నిజం చెప్పేద్దామని నోరు తెరవడం, ఆవిడ అందులో జంతిక పెట్టడం, దారి పొడుగునా ఇదే వరస. తన చెట్లను నమ్మి ఈ వయసులో ఇంత దూరం వస్తోంది, అక్కడ ఈవిడకు మొహం ఎలా చూపించడం అని ఒకటే బెంగ.

ఆగ్రాలో దిగి లోపలికి వెళ్ళారు. ఎదురుగా తాజ్ మహల్. తను వేసింది దీని కాలిగోటికి చాలదని గణపతి అక్కడే చితికిపోయాడు. సూరమ్మగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ వెతికింది.

“కొబ్బరిచెట్లేవండీ గణపతిగారూ?”

“లేవండి. ఎప్పుడూ లేవండి. చూడకుండా వేసేసేను. తప్పయిపోయిందమ్మా.”

ఆవిడ అతణ్ణి చూసింది. తాజ్ మహల్‌ని ఇంకోసారి ఎగాదిగా చూసింది.

“ఇంత డబ్బు పోసి కట్టించేడు, ఓ కొబ్బరిమొక్క పాతించాలని తోచలేదండీ ఆ మహారాజుకి? మీకు తోచింది.”

గణపతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంతలో ఓ ఫోటోగ్రాఫరు వచ్చి, తాజ్ మహల్ ముందు నిలబడమని సూరమ్మగారికి సైగ చేశాడు.

“వద్దు నాయనా, ఇంతకంటే మంచిది మా ఇంట్లో ఉంది” అందావిడ.